బొమ్మకి వెనక వైపు

మా ఆఫీసు ముందు గదిలో ఒక చెక్క కుర్చీ ఉంది. వచ్చినవాళ్ళు కూర్చోడానికి వేసింది. ఎడమ చెయ్యి ఆనించే చోట పాలిష్ పోయి తెల్లబడింది. ఎవరైనా కూర్చుంటే ఒకసారి కిర్రుమంటుంది. లేస్తే రెండుసార్లు. పదకొండేళ్ళుగా ఆ చప్పుడు వినీ వినీ, లోపల నా బల్ల దగ్గర నుంచి కదలకుండానే ఎవరో వచ్చారనీ, విసుగెత్తి లేచారనీ చెప్పేయగలను.

మాది పిల్లల కథల పుస్తకాలు వేసే చిన్న సంస్థ. ఏ పేజీలో బొమ్మ ఎక్కడ రావాలో, అక్షరాలు ఎక్కడ రావాలో చూడటం నా పని. ముందు గది, దాని వెనక మేం పనిచేసే గది, పక్కన కాగితం కట్టలు దాచే స్టోరు రూము. స్టోరు రూముకి రెండు తలుపులు. ఒకటి మా గదిలోకి, ఇంకోటి ముందు గదిలోకి. ఆ రెండోది ఎంత నెట్టినా పూర్తిగా పడదు. రెండు వేళ్ళ సందు మిగిలిపోతుంది.

ఆ సందు గుర్తుపెట్టుకోండి. నా సిగ్గంతా అక్కడే ఉంది.

మా పిన్ని ఆ సంస్థకి ముప్ఫై ఏళ్ళు బొమ్మలు వేసింది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే పిన్నే తెచ్చుకుని పెంచింది. పెన్సిలు పట్టుకోవడం నేర్పింది, జడ వేసింది, తప్పు చేస్తే రెండు తగిలించింది. ఆమె పనిలో ఒక వింత పద్ధతి ఉండేది. కాగితానికి ముందు వైపు రంగుల్లో బొమ్మ వేసేది. తర్వాత కాగితం తిరగేసి, అదే బొమ్మని వెనక నుంచి చూస్తే ఎలా ఉంటుందో పెన్సిలుతో గీసేది. ముందు వైపు ఒక పిల్లవాడు అమాయకంగా నవ్వుతూ నిలబడి ఉంటాడు. తిప్పి చూస్తే వాడి వీపు, వెనక్కి కట్టుకున్న చేతులు, ఆ చేతుల్లో పగిలిన కప్పు. పుస్తకంలో ఆ వెనక వైపు ఎవరికీ కనబడదు. "కనబడక్కర్లేదే. వాడి నవ్వులో తెలుస్తుంది" అనేది.

చూడకుండా గీత గీసేది కాదు. ఎవరో ఒకరిని నిలబెట్టాలి, తను వెనక పీట వేసుకుని కూర్చోవాలి. చిన్నప్పుడు ఆ నిలబడే పని నాదే. కాళ్ళు పీకుతుంటే గొణిగేదాన్ని.

"నా వీపులో ఏముంది పిన్నీ, అంతసేపు చూస్తావ్?"

"మొహం అబద్ధాలు చెప్తుందే. వీపుకి చేతకాదు. కదలకు."

దాగుడుమూతలు ఆడినా ఆమెది వేరే తీరే. వెతికేది కాదు. గది మధ్యలో కుర్చీ వేసుకుని ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చునేది. "ఎక్కడుందో నాకేం తెలుసు? నేనిక్కడే కూర్చుంటా. అదే వస్తుందిలే" అని గట్టిగా అనేది. తలుపు చాటున నోరు మూసుకుని నవ్వు ఆపుకునేదాన్ని. అయిదు నిమిషాలు కూడా ఆగలేక నేనే బయటికి పరిగెత్తేదాన్ని.

రెండేళ్ళ క్రితం మా ఆఫీసుకి బొమ్మలు వేసే మెషీను వచ్చింది. ఏం కావాలో టైపు చేస్తే నిమిషంలో బొమ్మ వేసి చూపిస్తుంది. కంప్యూటర్లు చూసే కుర్రాడిని మేమంతా కీబోర్డు అని పిలుస్తాం. ఒక మనిషి వేసిన బొమ్మలు కొన్ని వందలు ఎక్కిస్తే మెషీను అచ్చం ఆ మనిషి చేత్తోనే వేస్తుందని వాడే చెప్పాడు. అప్పటికి పిన్ని కళ్ళకి పొర కమ్మి, వారానికి ఒక్క బొమ్మ కష్టమైపోయింది. ఓనరు పిన్ని బొమ్మలు కావాలని అడిగాడు. పిన్ని బొమ్మలన్నీ దాచుకునే పెట్టె ఇచ్చింది. కాపీలు తీసి భద్రంగా దాస్తానని చెప్పాను. ఇంకేం చెప్పలేదు.

నాలుగు వందల పన్నెండు కాగితాలు. పది రోజులు కూర్చుని అన్నీ స్కాన్ చేశాను. ముందు వైపు మాత్రమే. వెనక ఉన్న పెన్సిలు గీతలతో మాకు పనేముంది?

మెషీను నేర్చేసుకుంది. పిన్ని గీసే కుందేలు చెవి మడత, పిన్ని వేసే వాన, పిల్లల మోకాళ్ళ మీద పిన్ని వదిలే చిన్న గీత, అన్నీ వచ్చేశాయి. అట్ట మీద నుంచి పిన్ని పేరు పోయింది. నన్ను బొమ్మల విభాగానికి హెడ్డుని చేశారు. ఆ విభాగంలో ఉన్నది నేనూ, మెషీనూ. మెషీను నా మాట వినేది, అంతవరకు నయం.

పిన్నికి పని పంపడం మానేశాం. అడిగితే "పుస్తకాలు తగ్గాయి పిన్నీ" అన్నాను. మొహం చూసి కాదు, ఫోన్లో.

ఒకరోజు పొద్దున్నే ముందు గదిలో కుర్చీ కిర్రుమంది. వెంటనే పెన్సిలు చెక్కిన వాసన. పిన్ని ఎక్కడికెళ్ళినా ఆ వాసన ముందు వచ్చేది. నా బల్ల మీద తెరలో ఆమె బొమ్మే ఉంది, ఆమె వెయ్యని బొమ్మ. లేచి స్టోరు రూములోకి దూరాను. దూరుతూ మా గది గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ బాబాయికి లేనని చెప్పమని చేత్తో సైగ చేశాను.

"అమ్మాయి బయటికెళ్ళిందమ్మా" అన్నాడు ఆయన.

"పరవాలేదు బాబూ. కూర్చుంటా."

తలుపు సందులోంచి చూశాను. నీలం శాలువా, ఒళ్ళో గుడ్డ సంచి. కళ్ళజోడు కొత్తది.

"మీ పుస్తకాల్లో ఈ మధ్య బొమ్మలు ఎవరేస్తున్నారు?"

"కంప్యూటరంటమ్మా. నాకేం తెలుసు."

"కంప్యూటరేంటి బాబూ, ఎవరో చిన్నపిల్ల చెయ్యిలా ఉంది. నా గీత పట్టేసింది. బావుంది కూడా. కాకపోతే దానికి వెనక తెలీదు. ఆ పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడితే, ఆ చేతుల్లో ఏముందో వేసినదానికే తెలీదు. కనబడితే కూర్చోబెట్టి నేర్పుదామని వచ్చా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క అడుగు వేస్తే చాలు. వెయ్యలేదు. మధ్యాహ్నం అయింది. సాయంత్రం అయింది. ఆమె లేవలేదు, నేను బయటికి రాలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి కాగితం కట్టల మీద కూలబడ్డాను. చివరికి దీపాలు వేసే వేళకి కుర్చీ రెండుసార్లు కిర్రుమంది.

ఇరవై రోజులకి పిన్ని నిద్రలోనే పోయింది. చుట్టాలంతా నన్ను మెచ్చుకున్నారు. కడుపున పుట్టిన కూతురైనా ఇంత చూసుకోదన్నారు. తల దించుకున్నాను. దుఃఖం అనుకున్నారు.

ఆ మరుసటి వారం మొదలైంది.

అడవిలో కుందేళ్ళ బొమ్మ అడిగాను. వచ్చింది. దూరంగా, చెట్ల మధ్య గోరంత నీలం చుక్క. పెద్దది చేసి చూస్తే కుర్చీ. కుర్చీలో ఎవరో అటు తిరిగి కూర్చున్నారు. చెరిపేశాను. మెషీను ఇలాంటివి చేస్తూనే ఉంటుంది. మనిషికి ఆరు వేళ్ళు పెడుతుంది, గుర్రానికి కాలు మర్చిపోతుంది. చెరపడం నా పనిలో భాగమే.

తర్వాత సంత బొమ్మ. దుకాణాల చివర అదే కుర్చీ, అదే వీపు. ఈసారి వేలెడంత. తర్వాత బడి బొమ్మ. ఆఖరి బెంచీ వెనక, అరచేయంత. ఒళ్ళోంచి సంచి పట్టీ వేలాడుతోంది. సముద్రం అడిగినా, ఆకాశం అడిగినా ఆ కుర్చీ వచ్చేది. ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా. ప్రతిసారీ చెరిపేశాను. ఒక్కసారి కూడా ఆ మనిషి మొహం కనబడలేదు.

కీబోర్డుకి చూపించాను. వాడు తేలిగ్గా తీసుకున్నాడు.

"అక్కా, కాగితాల వెనక వైపు కూడా ఎక్కించేసినట్టున్నావ్. వీపులు నేర్చుకుని ఉంటుంది, అంతే."

ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూశాం. నాలుగు వందల పన్నెండూ ముందు వైపులే. ఒక్క వీపు లేదు.

"మరి ఇది ఎక్కడ నేర్చుకుందక్కా?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఆ వారంలోనే ఒక రోజు ఆఫీసుకి సెలవు. మర్నాడు పొద్దున్నే ఒక పుస్తకం అచ్చుకి వెళ్ళాలి, అట్ట మీది బొమ్మ ఇంకా కాలేదు. నేనొక్కదాన్నే వచ్చాను. బయట కుండపోతగా వాన. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడ్డట్టుంది. తలుపు తీసిన వాచ్‌మన్ బాబాయి టీ తాగొస్తానని గొడుగేసుకుని వెళ్ళాడు. తడిసిన గోడల వాసన, జిగురు వాసన, మెషీను రొద. చున్నీ అంచు తడిసి కాళ్ళకి చుట్టుకుంటోంది.

దాగుడుమూతలాడే పాప కథ అది. ఖాళీ గది, ఓరగా ఉన్న తలుపు, సందులోంచి చూస్తున్న పాప కన్ను అని టైపు చేశాను. ఇంకేమీ ఉండకూడదని కూడా రాశాను.

బొమ్మ వచ్చింది.

మా ముందు గది అది. కథలో గది కాదు, మాదే. మధ్యలో కుర్చీ, బొమ్మ నిండా కుర్చీయే. ఎడమ చెయ్యి పాలిష్ పోయి తెల్లగా ఉంది. నీలం శాలువాలో నేసిన పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. అటు తిరిగి కూర్చుంది. ఆమెకి ఎదురుగా స్టోరు రూము తలుపు, రెండు వేళ్ళ సందు. సందులో ఒక కన్ను.

పాప కన్ను కాదు.

రంగులు చూసుకోడానికి అట్టబొమ్మ ప్రతిదీ ఒకసారి ప్రింటు తీస్తాను. అలవాటుగా చెయ్యి నొక్కేసింది. కాగితం బయటికి వచ్చింది. నేను చేతిలోకి తీసుకున్నానో లేదో, కరెంటు పోయింది.

మెషీను రొద ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కటే.

ముందు గదిలో... కిర్రు.

ఒకసారి.

"బాబాయ్?" అన్నాను. గొడుగు దులిపిన చప్పుడు లేదు. పెన్సిలు చెక్కిన వాసన మెల్లగా గదిలోకి వచ్చింది.

ముందు గదిలోకి వెళ్ళాల్సింది. పిన్నీ అని పిలవాల్సింది. నా కాళ్ళు నన్ను ఎక్కడికి తీసుకెళ్ళాయో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. స్టోరు రూములోకే. అదే చోటు, అదే తలుపు చాటు. చచ్చిపోయిన మనిషి నుంచి కూడా దాక్కున్నాను.

సందులోంచి చూశాను. కిటికీలోంచి బూడిదరంగు వెలుగు. ఎప్పుడూ వీధి వైపు ఉండే కుర్చీ స్టోరు రూము వైపు తిరిగి ఉంది. అందులో ఏదో నల్లగా, ముద్దగా... శాలువా అంచు ఒకటి కదిలింది. మొహం ఉండాల్సిన చోటికి చూపు ఎత్తలేకపోయాను. నేల మీదే చూపు పెట్టుకున్నాను.

"నేనిక్కడే కూర్చుంటా."

గుసగుస. వాన చప్పుడులో కలిసిపోయేంత చిన్నది. అయినా విన్నాను.

ఎంతసేపు గడిచిందో తెలీదు.

కిర్రు... కిర్రు.

రెండుసార్లు.

లేచింది. తలెత్తి చూశాను. కుర్చీ ఖాళీ. అడుగుల చప్పుడు లేదు. వీధి తలుపు తెరుచుకోలేదు. వెళ్ళిపోయింది అనుకున్నాను. ఎంత నీచమంటే, నాకు హాయిగా అనిపించింది.

అప్పుడు వినబడింది. గర... గర... గర.

కాగితం మీద పెన్సిలు నడుస్తున్న చప్పుడు. ముందు గదిలో కాదు.

నా వెనక.

గీత ఆగుతోంది, మళ్ళీ సాగుతోంది. ఎవరో తలెత్తి చూసి, తల దించి గీస్తున్నట్టు. చిన్నప్పుడు గంటలకొద్దీ విన్న చప్పుడే. మెడ తిప్పలేకపోయాను. ఒక చేత్తో ఫోను వెలిగించాను, ఇంకో చేతిలో ఆ ప్రింటు ఉంది. కళ్ళకి వేరే దిక్కు లేక దాన్నే చూశాను. కుర్చీ, శాలువా, వీపు.

వీపు ముందు వైపు ఉంటే, వెనక ఏముంటుందో నాకు తెలుసు. నాది ఆమె పెంపకం. కాగితం తిరగేశాను.

పెన్సిలు బొమ్మ. మా ప్రింటరు ఒక వైపే వేస్తుంది, అదీ రంగుల్లో. ఇది పెన్సిలు. బొటనవేలు తగిలితే నల్లగా అంటుకుంది.

స్టోరు రూము. కాగితం కట్టలు. తలుపు చాటున నిలబడ్డ ఒక ఆడమనిషి వీపు. జుట్టుకి పెట్టిన క్లిప్పులో ఒక పన్ను విరిగి ఉంది, పొద్దున్నే విరిగింది అది. చున్నీ అంచు తడిగా వేలాడుతోంది. ఆమె భుజం పక్కగా, తలుపు సందులోంచి ఖాళీ కుర్చీ. చూడకుండా గీత గీసే మనిషి కాదు మా పిన్ని. ఎక్కడ కూర్చుని గీసిందో ఆ బొమ్మే చెబుతోంది.

బొమ్మలో నా ఎడమ చెయ్యి వెనక్కి ఉంది. పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ మధ్య నుంచి ఒక చిన్న తాళంచెవి, దానికి కట్టిన దారం. బొమ్మంతా నలుపే. ఆ దారం ఒక్కటే ఎరుపు.

పిన్ని పెట్టె ఇచ్చిందని మీకు చెప్పాను. అందరికీ అలాగే చెప్పాను. ఇవ్వలేదు. ఓనరు అడిగాడని చెప్పాను. అడగలేదు. "మా పిన్ని బొమ్మలు ఎక్కిద్దాం సార్" అని నేనే వెళ్ళి చెప్పాను. కంటి ఆపరేషనై కట్లు కట్టి పడుకోబెట్టిన మనిషి తలగడ కిందనుంచి ఆ పెట్టె తాళంచెవి లాగాను.

"ఎవరది?" అంది పిన్ని.

"నేనే పిన్నీ. మంచినీళ్ళ గ్లాసు తీస్తున్నా."

"నువ్వేగా. తీస్కో బంగారం."

పది రోజుల తర్వాత కాగితాలు జాగ్రత్తగా సర్దేశాను, నలగకుండా, వరసగా. రంగుల వైపు పైకి ఉండేలా. పిన్ని ఎప్పుడూ పెన్సిలు వైపు పైకి పెట్టేది. పెట్టె మూసి, తాళంచెవి తలగడ కింద పెట్టేశాక ఎప్పుడో గుర్తొచ్చింది. ఏమవుతుందిలే అనుకున్నాను. కట్లు విప్పాక పెట్టె తెరిచి ఉంటుంది. మొదటి కాగితం చూడగానే తెలిసి ఉంటుంది. ఆ రోజు ముందు గదిలో ఆమె చెప్పిన మాటలు వాచ్‌మన్‌కి కాదు. ఆమె కుర్చీలోంచి కాస్త పక్కకి చూస్తే ఆ సందు కనబడకుండా ఎలా ఉంటుంది? రోజంతా నాకోసం కూర్చుంది. అదే వస్తుందిలే అని.

"పిన్నీ..." అన్నాను చీకట్లో. "తాళం నేనే తీశాను."

పెన్సిలు ఆగింది.

మెడ వెనక సన్నగా ఊపిరి తగిలింది. కోపంగా లేదు. ఎదురుచూస్తున్నట్టుంది. తిరిగితే చాలు. ఆరేళ్ళప్పుడు నాకు చేతనైన పని అది.

తిరగలేదు. తలుపు తోసుకుని, కుర్చీని గుద్దుకుని, వాన్లోకి పరిగెత్తాను.

మర్నాడు ఓనరు గదిలోకి వెళ్ళి జరిగిన దొంగతనం చెప్పాను. అట్ట మీద పిన్ని పేరు వెయ్యమని అడిగాను.

"మెషీను వేసినదానికి మీ పిన్ని పేరెందుకమ్మా? లేనిపోని గొడవ" అన్నాడు.

సరే సార్ అన్నాను. అవును, అలాగే అన్నాను.

పుస్తకం వచ్చింది, బాగానే పోతోంది. ఆ రోజు నుంచి మెషీను వేసే బొమ్మల్లో కుర్చీ రావడం లేదు. కీబోర్డు ఏదో సరిచేశానని చెప్పుకుంటున్నాడు. బొమ్మల్లో వెతికినా పిన్ని లేదు. కుందేలు చెవి మడత ఉంది, వాన ఉంది, మోకాలి మీద గీత ఉంది. పిన్ని లేదు.

ఆ కాగితం ఇంట్లో నా సొరుగులో ఉంది. రంగుల వైపు పైకి పెడతాను. తీసేసరికి పెన్సిలు వైపు పైకి ఉంటుంది. ఇందాక తీసి చూశాను. అందులో స్టోరు రూము లేదు. ఈ బల్ల, ఈ దీపం, వంగి రాసుకుంటున్న నా వీపు ఉన్నాయి. తాళంచెవి మాత్రం లేదు. ఎరుపు లేదు. బాగా చూశాను.

అసలు తాళంచెవిని పిన్నితోపాటే కాటికి పంపేశాం. ఆమె పిడికిట్లో నేనే పెట్టి మూశాను.

ఇదంతా కుడి చేత్తో రాస్తున్నాను. ఎడమ చెయ్యి బల్ల కింద, ఒళ్ళో ఉంది. పిడికిలి బిగించి ఉంది. ఎప్పటినుంచి అలా బిగించానో గుర్తులేదు. లోపల ఏదో చిన్నది, చల్లగా తగులుతోంది.

ఇంకా తెరవలేదు.